దూరపు అంతరిక్ష స్థావరాలకు తిరిగే డాక్టరు ఒక్కడు సరిపోతాడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: రేపు చంద్రుడి మీద, అంగారకుడి మీద, ఇంకా అవతల, ఇరవై ముప్పై మంది ఉండే చిన్న స్థావరాలు వెలిస్తే, ఒక్కోచోట ఒక డాక్టరును కూర్చోబెట్టే బదులు అన్నిటినీ చుట్టి వచ్చే ఒకే డాక్టరుతో నెట్టుకురావచ్చా? అతను అక్కడ ఏం చేస్తాడు, వెంట ఏం పట్టుకెళ్తాడు? కథ రాస్తున్నానని కూడా అన్నారు కాబట్టి, కథకు పనికొచ్చే సంగతులు దాచుకోకుండా చెబుతాను.

ముందు నా సంగతి. నేను అంతరిక్షంలోకి వెళ్లినవాణ్ణి కాదు. ఆరేళ్లు ఓడ డాక్టరుగా చేశాను. తర్వాత పదకొండేళ్లు పడవ మీద దీవి దీవికీ తిరుగుతూ వైద్యం చేశాను. మధ్యలో ఒక శీతాకాలం మంచులో, ధ్రువ ప్రాంతపు పరిశోధన కేంద్రంలో గడిపాను. అంతరిక్ష వైద్యం నేను ఇష్టంగా చదువుకున్న విషయం. నలుగురికీ దూరంగా ఉన్న ఊళ్లకు పెట్టె పట్టుకుని వెళ్లడం మాత్రం నా బతుకుతెరువు. రెండిట్లో దేని గురించి మాట్లాడుతున్నానో మీకే తెలిసిపోతుంది.

సూటి సమాధానం: ప్రాణాపాయం వచ్చినప్పుడు తిరిగే డాక్టరు పనికిరాడు. అయినా అతను కావాలి. గుండె ఆగినా, గొంతుకు ఏదైనా అడ్డుపడినా, తొడలో పెద్ద రక్తనాళం తెగినా కథ నిమిషాల్లో తేలిపోతుంది. ఆ నిమిషాల్లో పక్కన ఎవరుంటే వాళ్లే డాక్టరు. తిరిగే డాక్టరు మూడు వారాలు ఉండి, రెండేళ్ల దాకా మళ్లీ కనబడడు. ఆ మూడు వారాల్లో అతను చూసే రోగులకన్నా, కనబడని రెండేళ్ల కోసం చేసి వెళ్లే ఏర్పాటు ముఖ్యం. నా పదకొండేళ్లలో మొదటి మూడేళ్లు ఈ సంగతి తెలియక వృథా చేశాను. దీవిలో దిగగానే కుర్చీ వేసుకుని, వరస కట్టిన వాళ్లను చూసి, మందులిచ్చి, పడవ ఎక్కేవాణ్ణి. వరస ఎంత పొడుగ్గా ఉంటే అంత పని చేసినట్టు మురిసిపోయేవాణ్ణి.

ఇప్పుడు దూరాల లెక్క చూద్దాం, ఎందుకంటే మీ కథలో డాక్టరు గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతున్నాడని రాశారు. చంద్రుడి దాకా ప్రయాణం మూడు రోజులు. మాట చేరడానికి సుమారు 1.3 సెకన్లు. అంటే చంద్రుడి మీద స్థావరాల మధ్య తిరిగే డాక్టరు నాలాంటివాడే, పడవకు బదులు మరో బండి, అంతే. అంగారకుడి నేల మీద ఒక స్థావరం నుంచి మరో స్థావరానికి తిరిగే డాక్టరునూ ఊహించుకోవచ్చు. గ్రహాల మధ్య తిరిగే డాక్టరు మాత్రం లెక్కకు నిలవడు. భూమి నుంచి అంగారకుడికి అనువైన దారి సుమారు 26 నెలలకొకసారి తెరుచుకుంటుంది. ప్రయాణం ఒకవైపే ఏడు నుంచి తొమ్మిది నెలలు. క్యూరియాసిటీ రోవరు 2011–12లో అంగారకుడికి వెళ్తున్నప్పుడు అందులోని పరికరం దారి పొడవునా రేడియేషన్‌ను కొలిచింది. రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు పడింది (మిల్లీసీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). నాసా తన వ్యోమగాములకు ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టిన హద్దు 600 మిల్లీసీవర్టులు. ఇంకా వేగంగా వెళ్లి, రానూ పోనూ 360 రోజులే ప్రయాణం అనుకున్నా, గుణిస్తే 648 వస్తుంది. అంగారకుడి నేల మీద గడిపిన రోజులు ఇందులో కలపలేదు, అక్కడా రోజుకు 0.67 దాకా పడుతుంది. మీ డాక్టరు మొదటి చుట్టు పూర్తి చేసి ఇంటికి చేరకముందే అతని కోటా అయిపోతుంది. ఇక ఎముకలు. భారరహిత స్థితిలో తుంటి ఎముక నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం సాంద్రత కోల్పోతుంది. రోజుకు రెండు గంటలు వ్యాయామం చేస్తే ఈ నష్టం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. ఎముకలోంచి కరిగిన కాల్షియం మూత్రంలోకి దిగి కిడ్నీలో రాళ్లకు దారి చేస్తుంది. పదే పదే ప్రయాణించే డాక్టరును చూసి ముందు అతన్నే మంచం ఎక్కించమంటాను. కాబట్టి నా సలహా: మీ డాక్టరును ఒక గ్రహానికి, లేదా చంద్రుడికి కట్టెయ్యండి. చుట్టు చిన్నదైతే కథా చిక్కబడుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. తిరిగే డాక్టరు జబ్బులను మోసుకెళ్లే మనిషి. ఇది వినడానికి బాగుండదు. నాకూ బాగుండలేదు. ఒకసారి ఎనభై మంది ఉండే దీవికి వెళ్లాను. బయలుదేరే ముందు రోజు గొంతులో కాస్త గరగర. పట్టించుకోలేదు. నేను వెళ్లిన వారానికి రేడియోలో కబురు: ఊరంతా జలుబు, దగ్గు, ఇద్దరు ముసలివాళ్లకు ఆయాసం. ఇద్దరూ కోలుకున్నారు. మళ్లీ వెళ్లినప్పుడు వాళ్లలో ఒకావిడ నన్ను చూసి, "ఈసారి ఏం తెచ్చావు నాయనా?" అని అడిగింది. వేళాకోళానికే అన్నా, నాకు నవ్వు రాలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1930–31లో స్పిట్స్‌బెర్గెన్ దీవిలోని లాంగియర్‌బైన్ అనే బొగ్గుగనుల ఊళ్లో జలుబుల లెక్క రాశారు. శీతాకాలమంతా ఓడలు రాక ఊరు మూతపడితే జలుబులు దాదాపు మాయమయ్యాయి. వసంతం చివర మొదటి ఓడ రాగానే ఊరంతా తుమ్ములు. దీనికన్నా ఘోరం 1846లో ఫారో దీవుల్లో జరిగింది. కోపెన్‌హాగన్ నుంచి వచ్చిన ఒక వడ్రంగితో పొంగు, అంటే తట్టు, అక్కడికి చేరింది. 7,782 మంది జనాభాలో సుమారు ఆరు వేల మందికి సోకింది. డెన్మార్క్ ప్రభుత్వం పంపిన పీటర్ పానుమ్ అనే కుర్ర డాక్టరు 52 ఊళ్లు తిరిగి, ఎవరికి ఏ రోజు మొదలైందో రాసుకున్నాడు. సోకినప్పటి నుంచి ఒంటి మీద పొక్కులు కనబడేదాకా పదమూడు, పద్నాలుగు రోజులు పడుతుందని తేల్చింది ఆ రాతలే. 1781లో అదే జబ్బు వచ్చి తగ్గిన ముసలివాళ్లకు అరవై అయిదేళ్ల తర్వాత కూడా మళ్లీ రాలేదని గమనించిందీ ఆయనే. తిరిగే డాక్టరు కథ రాయదలచినవాళ్లు ముందు చదవాల్సింది రాకెట్ల గురించి కాదు, పానుమ్ గురించి.

అంతరిక్షంలోనూ ఇది తెలిసిన గొడవే. 1968లో అపోలో 7లో వెళ్లినవాళ్లకు దారిలో జలుబు చేసింది. భారం లేనిచోట ముక్కు కారదు, చీమిడి ఎక్కడిదక్కడే పేరుకుంటుంది. 1970లో అపోలో 13 బయలుదేరే ముందు కెన్ మాటింగ్లీ అనే వ్యోమగామికి రుబెల్లా సోకే ప్రమాదం ఉందని ఆయన్ను ఆపేశారు. చివరికి ఆయనకు ఆ జబ్బు రాలేదు. ఆ అనుభవం తర్వాతే అపోలో 14 నుంచి బయలుదేరే ముందు 21 రోజులు వ్యోమగాములను విడిగా ఉంచడం మొదలైంది. పైగా అంతరిక్షంలో రోగనిరోధక శక్తి మందగిస్తుంది. ఒంట్లో ఎప్పటి నుంచో నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్‌లు మళ్లీ లేస్తాయి. కాబట్టి మీ డాక్టరు స్థావరానికి చేరగానే చేతులు చాచి లోపలికి పోకూడదు. గాజు అవతల గదిలో కొన్నాళ్లు కూర్చోవాలి. స్థావరాలు తిరిగే వరస కూడా ఆలోచించి పెట్టుకోవాలి: చిన్నపిల్లలు, బలహీనులు ఉన్నచోటికి ముందు, రాకపోకలు ఎక్కువున్న పెద్ద స్థావరానికి చివర. అయితే తలుపులు ఎంత మూసినా పూర్తి హామీ లేదు. 1969లో అంటార్కిటికాలో పన్నెండు మంది ఉన్న ఒక స్థావరంలో, బయటి మనిషి అడుగు పెట్టకుండా పదిహేడు వారాలు గడిచాక ఆరుగురికి జలుబు చేసింది. వైరస్ అన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో తేలలేదు.

ఇప్పుడు అసలు పనికి వస్తాను, అంటే అక్కడివాళ్లను తయారుచేయడం.

లియోనిద్ రోగొజోవ్ పేరు మీరు వినే ఉంటారు. 1961 ఏప్రిల్ 30 రాత్రి, అంటార్కిటికాలోని నొవొలజరెవ్‌స్కయా కేంద్రంలో తన అపెండిక్స్‌ను తానే కోసి తీసుకున్న 27 ఏళ్ల డాక్టరు. అందరూ ఆయన ధైర్యం గురించి చెబుతారు. నేను ఎప్పుడూ ఆయన పక్కన నిలబడ్డ ఇద్దరి గురించి ఆలోచిస్తాను. ఒకరు వాహనాలు నడిపే మెకానిక్, అద్దం పట్టుకున్నాడు. ఇంకొకరు వాతావరణ శాస్త్రవేత్త, పరికరాలు అందించాడు. వాళ్లకు ముందే ఏ వస్తువు పేరేమిటో, ఎలా అందించాలో, తను స్పృహ తప్పితే ఏ సూది ఇవ్వాలో, ఊపిరి ఎలా పోయాలో రోగొజోవ్ నేర్పాడు. అద్దంలో అంతా తిరగేసి కనబడుతుండటంతో ఆయన చాలావరకు వేళ్ల స్పర్శతోనే పని కానిచ్చాడు. గంటా నలభై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఇద్దరిలో ఒక్కరు తడబడినా ఆయన బతికేవాడు కాదు. ఆస్ట్రేలియా అంటార్కిటిక్ కేంద్రాల్లో ఈ పాఠాన్ని పద్ధతిగా మార్చుకున్నారు. ఒక్కో కేంద్రానికి ఒకే డాక్టరు. వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్ల నుంచి కొందరిని ఎంచి, ఆస్పత్రిలో రెండు వారాలు ఆపరేషన్ గది పని నేర్పి పంపుతారు.

నా అనుభవంలో ఎవరు బాగా నేర్చుకుంటారో చెప్పనా? చదువుకున్నవాళ్లు కాదు, చేతిపని వచ్చినవాళ్లు. నా దగ్గర అందరికన్నా చక్కగా కుట్లు వేయడం నేర్చుకున్నవాడు వలలు బాగుచేసేవాడు. దారం లాగేటప్పుడు ఎక్కడ ఆపాలో అతని వేలికి తెలుసు. బిగిస్తే చర్మం తెల్లబడుతుందని నేను చెప్పేలోపే వదులు చేశాడు. స్థావరంలోనూ మీ డాక్టరు దిగిన రోజే అడగాల్సిన ప్రశ్న "ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అని కాదు, "ఇక్కడ చేతులు కుదురుగా ఉన్నవాళ్లెవరు?" అని. అలాంటివాళ్లను ముగ్గురిని పట్టుకోవాలి. ఇద్దరు చాలరా అంటారేమో. జబ్బుపడేది ఆ ఇద్దరిలో ఒకరైతే?

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ వైద్య బాధ్యత తీసుకునే వ్యోమగామి చాలాసార్లు డాక్టరు కాడు, కొన్ని పదుల గంటల శిక్షణ పొందిన ఇంజినీరో పైలటో. ఆ ఏర్పాటు ఎంత దాకా పనిచేస్తుందో 2020లో బయటికి వచ్చిన ఒక కేసు చూపించింది. అక్కడికి వెళ్లి రెండు నెలలైన వ్యోమగామికి, పరిశోధన కోసం మెడకు అల్ట్రాసౌండ్ చేస్తుండగా, ఎడమవైపు పెద్ద సిరలో రక్తం గడ్డ కనబడింది. బాధ ఏమీ లేదు. వెతకకపోతే తెలిసేది కాదు. భూమి మీది నిపుణులు చెబుతుంటే వ్యోమగామి తన మెడ మీద తనే ప్రోబ్ పెట్టుకుని బొమ్మలు పంపారు. రక్తాన్ని పలచబరిచే ఎనాక్సపారిన్ సూదిమందు అక్కడ కొద్దిగానే ఉంది. దాన్ని మోతాదు చూసుకుంటూ వాడారు. తర్వాతి సరుకుల నౌకలో ఎపిక్సబాన్ మాత్రలు వచ్చేదాకా నెట్టుకొచ్చారు. గమనించండి: ఆ కేంద్రం నేలకు 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది, మాట వెంటనే చేరుతుంది, సరుకుల నౌక వారాల్లో వస్తుంది. అంగారకుడి మీద ఈ మూడూ ఉండవు.

అక్కడి నుంచి మాట ఒకవైపు చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు. ఓడలో పనిచేసిన రోజుల్లో రేడియో ఒక్కోసారి అందేది కాదు, అందినా అరగంట. అప్పుడు నేర్చుకున్న విద్య ఒకటుంది: మళ్లీ ప్రశ్న అడగనవసరం లేకుండా కబురు రాయడం. "కడుపునొప్పిగా ఉంది, ఏం చేయమంటారు?" అని పంపితే అవతలివాడు "ఎక్కడ?" అంటాడు. నలభై నాలుగు నిమిషాలు పోయాయి. "జ్వరం ఉందా?" ఇంకో నలభై నాలుగు. అదే మొదటి కబురులోనే నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి జరిగింది, వాంతులు ముందా నొప్పి ముందా, నాడి, జ్వరం, రక్తపోటు, పొట్ట నొక్కినప్పుడు గట్టిగా ఉందా మెత్తగా ఉందా, అలమరలో ఏ మందులున్నాయి అని రాస్తే జవాబు కూడా "ఇలా అయితే ఇది, అలా అయితే అది" అని కొమ్మలుగా వస్తుంది. ఇది సాధన చేయిస్తే తప్ప రాదు. నేను దీవుల్లో అబద్ధపు రోగులను పెట్టి రాయించేవాణ్ణి. రోగి వేషం కోసం పిల్లలు పోటీలు పడేవారు.

ఆస్ట్రేలియాలో 1928లో మొదలైన ఎగిరే డాక్టర్ల సేవ దీనికి ఇంకో చక్కటి కిటుకు కనిపెట్టింది. 1942 నుంచి దూరపు పశువుల క్షేత్రాల్లో మందుల పెట్టెలు ఉంచారు. ప్రతి మందుకూ ఒక అంకె. రేడియోలో డాక్టరు మందు పేరు పలకడు, ఫలానా అంకె మాత్ర ఒకటి ఇవ్వండి అంటాడు. పేరు తప్పు వినే ప్రమాదం లేదు. చంద్రుడి మీద అయినా నేను ఇదే పెడతాను.

మందుల అలమర మాటెత్తాను కాబట్టి చెబుతున్నా, దీని మీద నాకు కాస్త పిచ్చి ఉంది. ఎక్కడికి వెళ్లినా మొదట రోగిని కాదు, అలమరను చూస్తాను. ఒక ఓడలో ఏడాదికోసారి ఎవరో తనిఖీ చేసి "అన్నీ సరిగా ఉన్నాయి" అని సంతకాలు పెట్టిన కాగితం తలుపుకే అంటించి ఉంది. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు వెలుగు చూపే లారింగోస్కోప్ పిడి విప్పాను. లోపల బ్యాటరీలు కారి, తెల్లగా ఉప్పు పేరినట్టు గడ్డకట్టి, స్ప్రింగు ఆకుపచ్చ తుప్పుతో అంటుకుపోయి ఉంది. కనీసం మూడేళ్ల నాటిది. మూడు సంతకాలు దాని మీదుగా వెళ్లిపోయాయి. ఆ ఓడలో ఎవరికీ ఊపిరి ఆగకపోవడం అదృష్టం. అప్పటి నుంచి ఉన్నదో లేదో చూడటం తనిఖీ కాదని, వెలిగించి చూడటమే తనిఖీ అని నా శిష్యులకు చెబుతాను.

దూరపు స్థావరాల్లో మందుల గడువు పెద్ద తలనొప్పి. అంతరిక్ష కేంద్రంలో ఉంచే మందుల జాబితాను తీసుకుని 2024లో ఒక పరిశోధన చేశారు. గడువు వివరాలు దొరికినవాటిలో సగానికి పైగా 36 నెలలు దాటవు. అంగారకుడికి వెళ్లి, అక్కడ ఉండి, తిరిగి రావడానికే సుమారు మూడేళ్లు. అంతకుముందు 2011లో అచ్చయిన ఇంకో పరిశోధనలో, అంతరిక్షంలో 28 నెలలు ఉంచిన మందులు నేల మీద ఉంచినవాటికన్నా ఎక్కువ సంఖ్యలో నాణ్యత పరీక్షలో తప్పాయి. అందుకే తిరిగే డాక్టరు పెట్టెలో బరువైనవి మందులే కాకూడదు. పొడిగా ఉండి అప్పటికప్పుడు కలుపుకునేవి మేలు. సెలైన్ సీసాలు మోయడం శుద్ధ దండగ. 2010లోనే అంతరిక్ష కేంద్రంలో తాగే నీటిని శుద్ధిచేసి నరానికి ఎక్కించే సెలైన్ తయారుచేసి చూశారు. ఒక స్థావరంలో ఎక్కువగా ఉండి గడువు దగ్గరపడ్డ మందును తీసుకుని, ఇంకోచోట కొరతగా ఉన్నదానికి మార్చడం కూడా ఈ డాక్టరు పనే. సగం డాక్టరు, సగం సరుకుల గుమాస్తా.

పరికరాల్లో ఒక్కటే తీసుకెళ్లమంటే అల్ట్రాసౌండ్ తీసుకెళ్తాను. ఎముక, ఊపిరితిత్తి, గర్భం, మూత్రపిండంలో రాయి, కంటి వెనక నరం వాపు అన్నిటికీ ఎంతో కొంత పనికొస్తుంది. ఆ చివరిది ఎందుకంటే, ఎక్కువ నెలలు భారరహితంగా ఉన్నవాళ్లలో కొందరికి కంటి నరం దగ్గర వాపు వచ్చి దగ్గరి చూపు తగ్గుతుందని 2011లో బయటపడింది. కళ్లజోడు మార్చాల్సి వస్తుంది. కాబట్టి రకరకాల కటకాలు పెట్టెలో ఉండాలి. పళ్లు పీకే పట్కారు, తాత్కాలికంగా పంటి గుంట పూడ్చే సామాను తప్పనిసరి. దీవుల్లో నేను చేసిన పనిలో సగం పళ్లదే. ఎవరూ దాని మీద కథలు రాయరు.

అపెండిక్స్ సంగతి వేరే చెప్పాలి, మీరు ప్రత్యేకంగా అడిగారు. వెళ్లేముందే తీయించుకోవాలా అని. అంటార్కిటికాలో చిలీ దేశపు వీయా లాస్ ఎస్త్రెయాస్ అనే ఊళ్లో ఎక్కువకాలం ఉండాలంటే తీయించుకోవాల్సి వచ్చేది, పిల్లలైనా సరే. ఆస్ట్రేలియా కేంద్రాల్లో చలికాలం ఉండే డాక్టర్లకూ ఇదే నియమం. కారణం సులువు: రోగొజోవ్ కావడం అందరి వల్లా కాదు. కానీ ప్రతి స్థావరవాసికీ ముందే కోయడం నాకు నచ్చదు, ఆ ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కుపోయే ఇబ్బంది కొందరిలో జీవితాంతం వెంటాడుతుంది. యాంటీబయాటిక్స్‌తో నయం చేయడం మీద అమెరికాలో జరిగి 2020లో వెలువడిన పెద్ద పరీక్షలో, మొదటి 90 రోజుల్లో పదిమందిలో సుమారు ముగ్గురికే తర్వాత కోయాల్సి వచ్చింది. ఒక దీవిలో తుఫాను వల్ల పడవ నాలుగు రోజులు కదలనప్పుడు ఒక కుర్రాడికి నేను చేసింది అదే. సూదిమందు, ఉపవాసం, ఆరు గంటలకోసారి పొట్ట మీద చెయ్యి. మూడో రోజు అతనే ఆకలి అన్నాడు. ఆ మాట విన్నాకే నేను నిద్రపోయాను.

కోయక తప్పకపోతే? చంద్రుడి మీద భూమ్యాకర్షణలో ఆరో వంతు, అంగారకుడి మీద 38 శాతం ఉంటుంది కాబట్టి కత్తి కింద పడుతుంది, రక్తం కిందికే కారుతుంది. బొత్తిగా భారం లేనిచోట రక్తం గాయం మీద గోపురంలా ఉబ్బి అంటుకునే ఉంటుంది, పేగులు పైకి తేలి కోతలోంచి బయటికి తొంగిచూస్తాయి. రోగినీ డాక్టరునూ పరికరాలనూ అన్నిటినీ కట్టెయ్యాలి. గుండె నొక్కాలన్నా రోగిని బల్లకు కట్టి, నొక్కేవాడు ఎదుటి గోడకు పాదాలు తన్ని, తలకిందులుగా నిలబడ్డట్టు చేతులతో నొక్కాలి. మత్తుకు వాయువులు వాడితే మూసిన గదిలో అందరూ పీలుస్తారు, అందుకని నరానికిచ్చే కెటమిన్ లాంటివి మేలు. రోగికి ఆక్సిజన్ ఎక్కువసేపు పెట్టినా గది గాలిలో ఆక్సిజన్ పెరిగి నిప్పు ప్రమాదం. చిన్న పనులు కూడా మొండికేస్తాయి. సీసాలోంచి మందు సిరంజిలోకి తీయడం చూడండి. ఇక్కడ సీసాను తలకిందులు చేస్తే మందు కిందికి, గాలి పైకి. అక్కడ మందు సీసా గోడలకు పూతలా అంటుకుంటుంది, మధ్యలో గాలి. సూది ఎక్కడ పెట్టినా సగం నురగ వస్తుంది. వేలితో కొడితే బుడగ పైకి పోదు, ఎందుకంటే పై అనేదే లేదు. మందును ఒకవైపు చేర్చాలంటే సీసా పట్టుకుని చేతిని గుండ్రంగా విసరాలి. మీ కథలో కొత్త నర్సు అలవాటు కొద్దీ సిరంజిని పైకెత్తి గోటితో మీటి, ఏమీ జరగక తెల్లబోవడం రాయండి. వంద వాక్యాల వర్ణనకన్నా అదే బాగుంటుంది.

ఇంకొక్క వృత్తి రహస్యం: మనిషిని చూసేముందు గదిని చూడాలి. ఒక ఓడలో ముగ్గురికి తలనొప్పి. ముగ్గురూ వేర్వేరు వయసులవాళ్లు. ముగ్గురికీ మాత్రలిచ్చాను. రెండో రోజు గానీ ముగ్గురి పడకలూ ఒకే మూల ఉన్నాయని తట్టలేదు. గోడవతల పొగ గొట్టం పగిలి సన్నగా కారుతోంది. మాత్రలతో ఇంకో రెండు రాత్రులు గడిపి ఉంటే ఏమయ్యేదో. అంతరిక్ష నివాసాల్లో ఇది మరీ నిజం. భారం లేనిచోట వేడిగాలి పైకి పోదు కాబట్టి, ఫ్యాను ఆగితే నిద్రపోయేవాడి ముఖం చుట్టూ అతను వదిలిన గాలే ముసురుకుంటుంది. తలనొప్పి అన్నవాడి పడక దగ్గర బొగ్గుపులుసు వాయువు మీటరు పెట్టాకే మాత్ర. దగ్గు, తుమ్ములు అంటే ధూళి చూడాలి. 1972లో అపోలో 17లో హారిసన్ ష్మిట్ చంద్రుడి ధూళి తగిలి ముక్కు దిబ్బడ వేసినట్టయిందని చెప్పారు. అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్లు అనే లవణాలు ఉన్నాయని 2008లో ఫీనిక్స్ నౌక కనుక్కుంది, అవి థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా అడ్డుపడతాయి. నీరసం, బరువు పెరగడం, చలి అని నలుగురు ఒకేసారి వస్తే ఇళ్లకు దూరంగా ఉన్న బెంగ అనుకోకుండా థైరాయిడ్ పరీక్ష చేయాలి.

బెంగ లేదని కాదు. ముప్పై మంది ఊళ్లో రహస్యం ఉండదు. వైద్యుడి గదిలోకి ఎవరు ఎన్నిసార్లు వెళ్లారో వంటగదిలో మాట్లాడుకుంటారు. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను: దీవిలో ప్రతి ఒక్కరూ, నిక్షేపంలా ఉన్నవాళ్లతో సహా, ఒక్కసారైనా వచ్చి అరగంట కూర్చోవాలి. అప్పుడు ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ తెలియదు. తాగుడు, భార్యాభర్తల గొడవ, ఒకరి మీద ఒకరికి భయం, ఇవన్నీ ఆ అరగంటల్లోనే బయటపడ్డాయి. బయటివాడికి ఉన్న సౌకర్యం ఇది. వెళ్లిపోయేవాడికి చెప్పుకోవడం తేలిక. అక్కడే ఉండే డాక్టరు రేపు పొద్దున టిఫిను బల్ల దగ్గర ఎదురుపడతాడు.

దీనికో వెనుక ముఖం ఉంది. స్థావరం పెద్ద పక్కకు పిలిచి, "ఫలానావాడు పనికి పనికొస్తాడా, చెప్పండి" అంటాడు. నన్ను చాలాసార్లు అడిగారు. ఒకే జవాబు పెట్టుకున్నాను: బయట పని చేస్తే అతనికీ పక్కవాళ్లకూ ప్రాణాపాయమైతే చెబుతాను, మిగతాది అతన్నే అడగండి. మొదటి చుట్టులోనే మీ డాక్టరు ఒక్కసారి నోరు జారితే, రెండో చుట్టులో ఆ స్థావరంలో అందరూ ఆరోగ్యవంతులే కనబడతారు. విమానాల డాక్టర్లకు, అంతరిక్ష డాక్టర్లకు ఇది పాత బాధే. ఎగరనివ్వరేమోనని జబ్బు దాచుకోవడం వ్యోమగాముల్లో కొత్త కాదు.

గర్భం, కాన్పు గురించి అడిగారు. ఇప్పటిదాకా ఏ మనిషీ అంతరిక్షంలో పుట్టలేదు. కథలో రాయాలనుకుంటే రాయండి, కానీ చివరి పేజీలో కులాసాగా కేరింతలు కొట్టించకండి.

చివరగా, ఎన్నాళ్లు ఉండాలి అన్నారు. మూడు వారాలకు తక్కువ కాకుండా. మొదటి వారం జనం మిమ్మల్ని పరీక్షించడానికి వస్తారు, మోకాలి నొప్పి, గోరుచుట్టు, అజీర్తి. రెండో వారం పాత జబ్బులు బయటికి తీస్తారు. అసలు సంగతి ఆ తర్వాత వస్తుంది. ఒక దీవిలో పన్నెండో రోజు పెట్టె సర్దుకుంటున్నాను, పడవ తెల్లవారి. మొదటి రోజే వచ్చి రక్తపోటు చూపించుకుని వెళ్లిన ఓడలకు దారి చూపే దీపస్తంభం కాపలాదారు తలుపు దగ్గర నిలబడ్డాడు. మర్చిపోయిన టోపీ కోసం వచ్చానన్నాడు. టోపీ చేతిలోనే ఉంది. నేను పెట్టె మూత మళ్లీ తెరిచి, కుర్చీ జరిపాను. పడవవాడికి తెల్లవారి కాదు, ఎల్లుండి అని కబురు పంపాను.